మూడు సెకన్ల పరుగు

శ్రోతలకు నమస్కారం.

మొన్న తొమ్మిదేళ్ల మా మనవరాలిని "నిన్న ఎంతసేపు ఆడావే?" అని అడిగాను. "చాలాసేపు తాతయ్యా" అంది. గంటా, రెండు గంటలా అని నిలదీస్తే, కాసేపు ఆలోచించి, "నువ్వే చెప్పు" అంది.

దాని తప్పేం లేదు. మనం వాకింగుకి వెళ్తే చెప్పులు వేసుకున్న వేళా విప్పిన వేళా గుర్తుంటాయి. పిల్లల ఆటకి అలా మొదలూ చివరా ఉండవు. తొక్కుడుబిళ్ళే చూడండి. ఒంటికాలి మీద గళ్లన్నీ దాటి రావడం క్షణాల పని. ఆ తర్వాత వంతు వచ్చేదాకా నిలబడాలి, మధ్యలో గీత తొక్కావంటే తొక్కావని పోట్లాట. 1995లో అమెరికా పరిశోధకులు కొందరు 6 నుంచి 10 ఏళ్ల పిల్లల్ని కనిపెట్టుకుని కూర్చుని, 3 సెకన్లకోసారి ఏం చేస్తున్నారో రాసుకున్నారు. గట్టి పరుగూ గెంతులూ సాధారణంగా 3 సెకన్లే సాగాయట. నూటికి 95 సార్లు 15 సెకన్లు కూడా నిండలేదు.

మరి 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. 2016 నాటి లెక్కల్లో, 11 నుంచి 17 ఏళ్ల వాళ్లలో నూటికి 81 మంది ఆ గీత అందుకోలేదు. ఆడపిల్లల్లో ఇంకా ఎక్కువ, 85. అయితే ఆ లెక్క కట్టింది బళ్లలో పిల్లలే నింపిన కాగితాల మీద. నాకు ఎవరైనా ఇలాంటి అంకె చెబితే, ముందు అడిగిన ప్రశ్నేమిటో చూపించమంటాను.

కెనడావాళ్లు 8 నుంచి 14 ఏళ్ల పిల్లల కోసం తయారుచేసిన ప్రశ్నాపత్రం ఒకటుంది. అది నిమిషాల జోలికి పోదు. గడిచిన వారంలో డ్రిల్లు పీరియడ్‌లో ఏం చేశావు, అన్నం తిన్నాక ఏం చేశావు, బడి వదిలాక ఏం చేశావు అని వేళల్ని పట్టుకుని అడుగుతుంది. తెలివైన పద్ధతి. కాకపోతే ఆటల జాబితాలో ఐస్ హాకీ ఉంటుంది! మనం కబడ్డీ, ఖోఖో చేర్చుకోవాలి. అదొక్కటే చాలదు. "వ్యాయామం చేశావా?" అంటే మన పిల్లకి డ్రిల్లు మాస్టారు గుర్తొస్తారు గానీ, బోరింగు దగ్గర్నుంచి మోసిన బిందె గుర్తురాదు. చెల్లిని చంకనేసుకుని వీధంతా తిరగడం అసలే గుర్తురాదు.

పోనీ యంత్రాన్ని అడుగుదామా? నడుముకి బెల్టుతో కట్టే యాక్సిలరోమీటర్ అగ్గిపెట్టెంత ఉంటుంది. ఒంటి కుదుపుల్ని సెకనుకి ఎన్నోసార్లు నమోదు చేస్తుంది. దానికి మతిమరుపు లేదు, గొప్పలు చెప్పుకోవడమూ తెలియదు. కానీ ఆ కుదుపుల్ని నిమిషానికోసారి మొత్తం చేసి చూస్తే, 3 సెకన్ల పరుగు మిగతా 57 సెకన్ల నిలబాటులో కలిసిపోతుంది, బిందెడు మజ్జిగలో చిటికెడు కారంలా. అందుకే పిల్లల విషయంలో 15 సెకన్లకో, అంతకన్నా తక్కువకో లెక్క తీస్తారు. ఇంకో చిక్కుంది. సైకిల్ తొక్కేటప్పుడు నడుము పెద్దగా కదలదు, అంచేత ఎదురుగాలిలో బడికి తొక్కుకుంటూ వెళ్లిన పిల్ల దాని లెక్కలో కూర్చున్నట్టే. నెత్తిన బిందె ఉన్నా లేకపోయినా దానికి అడుగు అడుగే.

అందుకని యంత్రంతో పాటు ఒక కాగితం కూడా ఇస్తారు, ఎప్పుడు తీశావో, ఎందుకు తీశావో రాయమని. నేనూ మా మనవరాలి చేతికి వారం రోజులు కదలికలు లెక్కపెట్టే బ్యాండ్ కట్టి, ఓ కాగితం ఇచ్చాను. ఫోన్‌లో చూస్తే శనివారం సాయంత్రం గీత నేలకి అతుక్కుని ఉంది. నిద్రపోయిందేమో అనుకున్నాను. కాగితం తీశాను. వంకర అక్షరాలతో ఇలా రాసుంది: "4 నుంచి 6 దాకా తీసేశా. కోతికొమ్మచ్చి. పారేసుకుంటానని అమ్మ తీసేయమంది."