ముసురు పట్టిన పొద్దున ఎవరెవరు బయటికొస్తారు?

(విజువల్: సన్నటి తుంపర, బురద బాట, పక్కన తడిసిన గడ్డి)

వాన పడుతోంది కదా, ఈ రోజు ఏం కనబడతాయిలే అని ముసుగుతన్ని పడుకోకండి. శరత్కాలంలో ముసురు పట్టిన పొద్దున పొలాల వైపు నడిస్తే ఎండ రోజుల్లో దొరకనివి చాలా కనబడతాయి. కాకపోతే చూపు చెట్ల మీద కాదు, కాళ్ల దగ్గర పెట్టాలి.

ముందు వానపాములు. కన్నాల్లో నీళ్లు నిండితే ఊపిరాడక పైకొస్తాయని చిన్నప్పటి నుంచి వింటూనే ఉంటాం. కానీ వాటికి ఊపిరితిత్తులే లేవు, శ్వాసంతా చర్మంతోనే, అదీ చర్మం తడిగా ఉన్నంతసేపే. నీళ్లలో ఆక్సిజన్ సరిపడా ఉంటే చాలా జాతులు రోజుల తరబడి మునిగి కూడా బతికేస్తాయి. మరి పైకెందుకు? నాకు నచ్చిన వివరణ ఇది: మట్టిని తొలుచుకుంటూ పోవడం పెద్ద శ్రమ, అదే తడినేల మీదైతే ఒళ్లు ఎండిపోతుందన్న టెన్షన్ లేకుండా అంతే సమయంలో చాలా దూరం పోవచ్చు. ప్రయాణానికి మంచి రోజన్నమాట. తిరిగి మట్టిలోకి దూరేలోపు ఎండ కాసిందా, అంతే సంగతులు.

(విజువల్: ఆకు మీద నత్త, క్లోజప్)

నత్తదీ ఇంచుమించు ఇదే లెక్క. అది పాకడానికి వాడే జిగురులో ఎక్కువ భాగం నీరే. పొడి రోజుల్లో గుల్లలోకి ముడుచుకుని, చాలా జాతులైతే ఆ జిగురుతోనే మూతి మూసేసుకుని కూర్చుంటాయి, వాన పడగానే తలుపు తీస్తాయి.

ఇప్పుడు కంచె వైపు చూడండి. ఆ సాలెగూళ్లు ఈ ఒక్క రోజే వచ్చినవి కావు, అలాంటివి రోజూ ఉంటూనే ఉంటాయి, నీటి బిందువులు పట్టాక మన కంటికి ఆనుతున్నాయి. పైగా చల్లటి దేశాల్లో వసంతంలో గుడ్ల నుంచి వచ్చిన సాలీళ్లు ఈపాటికి బాగా ఎదిగి ఉంటాయి కాబట్టి గూళ్లూ పెద్దవే. దయచేసి కర్రతో తెంపకండి!

సీతాకోకచిలుకలు మాత్రం ఆకుల అడుగున దాక్కుంటాయి. వాటి రెక్కల కండరాలకు ఎండ వేడి కావాలి. గద్దలు కూడా కొమ్మ మీదే ఉండిపోతాయి, పైకి లేచే వేడిగాలి లేకపోతే రెక్కలాడించి ఎగరడం వాటికి బోలెడు ఖర్చు. కొంగలకు ఈ బాధల్లేవు, తడుస్తూనే వేట కానిచ్చేస్తాయి.

(విజువల్: బురదలో పాదముద్రలు)

వాన ఆగాక మాత్రం బురద చూడకుండా కదలొద్దు. ముద్ర అంచులు పదునుగా ఉంటే ఆ జంతువు వాన వెలిశాకే వెళ్లింది, ముద్ర లోపల చినుకుల గుంటలు ఉంటే అంతకు ముందే. వేళ్ల ముందు గోళ్ల గుర్తులు కనబడితే కుక్క గానీ నక్క గానీ అయ్యుంటుంది. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి లాక్కుంటుంది, అందుకే దాని ముద్రలో అవి సాధారణంగా పడవు.