సంక్రాంతికి మొదటి గేమ్: కొత్త గేమ్ మాస్టర్ ఏ కథ పట్టుకోవాలి?

అక్క: ముందు ఒక మాట చెప్పేసి మొదలెడతా. ఈరోజు మాట్లాడేది టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కళ్ళు ఒక్కో పాత్రగా, ఎక్కువగా డైస్ అంటే పాచికలు వేస్తూ ఆడే కథల ఆటల గురించి. నాలుగైదు అడ్వెంచర్ల, అంటే ముందే రాసిపెట్టిన ఆట కథల, లోపలి సంగతులు వస్తాయి, కాబట్టి మీ గ్రూపులో ఇంకెవరో గేమ్ నడుపుతూ మీరు ప్లేయర్‌గా కూర్చునేవాళ్ళైతే కాస్త చూసుకుని వినండి, అయినా అసలు గుట్టు దేన్లోదీ విప్పనులే. నాతో ఉన్నది మా పిన్ని కొడుకు, నాలుగేళ్ళుగా నా టేబుల్ దగ్గర ఆడుతున్నాడు, ఈ సంక్రాంతికి ఊళ్ళో మొదటిసారి తనే గేమ్ మాస్టర్, అంటే కథ చెప్తూ ఆట నడిపేవాడు. ఎంతమందిరా?

తమ్ముడు: ఐదుగురు అక్కా. ముగ్గురు ఇంతవరకూ ఒక్కసారి కూడా ఆడలేదు, వాళ్ళలో చిన్నదానికి పదకొండేళ్ళు. టైం అంటావా, భోగి రోజు సాయంత్రం ఒకటి, కనుమ నాడు భోజనాలయ్యాక ఒకటి, రెండు సిట్టింగులు, అంతే. నేను అనుకున్నదేంటంటే ఈ డ్రాగన్లూ కోటలూ యూరప్ కథలు కాకుండా ఏషియన్ కథ ఏదైనా చేద్దాం, మనవాళ్ళకి దగ్గరగా ఉంటుంది కదా అని.

అక్క: ఆలోచన బాగుంది. కానీ ముందు ఆ "ఏషియన్" అన్న మాట దగ్గరే ఆగాలి నువ్వు. 1985లో ఈ ఆటల్లో ఒకటైన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కి ఓరియంటల్ అడ్వెంచర్స్ అని ఒక పుస్తకం వచ్చింది, చాలామంది ఆటగాళ్ళకి ఆసియా పరిచయమైంది దాంతోనే. దాన్లో నిండా జపాన్, కొంచెం చైనా, మిగతాదంతా అక్కడక్కడా చల్లినట్టు, అన్నిటికీ కలిపి ఒకటే పరువు మర్యాదల లెక్క. ఎవరో మన దగ్గరికొచ్చి పూతరేకులు, సర్వపిండి, సాంబారు, పుట్టు అన్నీ ఒక పళ్ళెంలో పెట్టి "ఇది సౌత్ ఇండియన్" అంటే మనకెలా ఉంటుందో చెప్పు, అచ్చం అలాగే. అందుకని "ఏషియన్ అడ్వెంచర్ ఏది బాగుంటుంది" అని వెతకొద్దు, ఏ ఊరు, ఏ నీళ్ళు, ఏ తిండి అని అడుగు, ఆ ఊరి గాలి తెలిసినవాళ్ళు రాసింది చూడు.

తమ్ముడు: అలా అయితే నా దగ్గర సమాధానం రెడీగా ఉంది. రేడియంట్ సిటడెల్ పుస్తకంలో బెంగాల్ కథ. ఇన్ ద మిస్ట్స్ ఆఫ్ మణివర్ష. చదివి రెండ్రోజులు అదే ఆలోచన నాకు, నదులు, పడవలు, పోటీలు, పేర్లన్నీ మన నోటికి తిరిగే పేర్లు. కథ జరిగే దేశం పేరు శంఖభూమి అని చదవగానే ఇన్నాళ్ళకి మన పేరొకటి దీన్లో కనపడిందిరా బాబూ అనిపించింది.

అక్క: నాకూ అలాగే అనిపించింది రా. వినేవాళ్ళకి చెప్తా, జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటడెల్ అనేది 2022 జులైలో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ కోసం వేసిన పుస్తకం, మొత్తం 13 అడ్వెంచర్లు, దేనికదే విడి కథ, లెవెల్ 1 నుంచి 14 దాకా, లెవెల్ అంటే పాత్ర ఎంత బలపడిందో చెప్పే మెట్టు. ఆ ప్రాజెక్టుని ముందుండి నడిపిన ఇద్దరిలో ఒకరు అజిత్ జార్జ్, ఈ మణివర్ష కథ రాసింది కోల్‌కతాలో పుట్టిన మిమి మొండల్. కథలన్నీ ఆసియావి కావు, మెక్సికో, మాలి ఛాయలున్నవి కూడా ఉన్నాయి, కానీ థాయ్, కొరియన్, బెంగాలీ, ఫిలిపినో, పర్షియన్, చైనీస్, దేనికది విడిగా ఒక దేశంగా రాశారు, కలిపి కలగాపులగం చేయలేదు. ఆ పుస్తకం నాకు ఇష్టం అందుకే. కానీ మణివర్ష ఈ సంక్రాంతికి వద్దు.

తమ్ముడు: ఎందుకు?

అక్క: అది లెవెల్ 9 కథ. లెవెల్ 9 అంటే ఏంటో ఒకసారి ఊహించు, నీ ఎదురుగా ముగ్గురు కొత్తవాళ్ళు, ఒక్కొక్కళ్ళ షీట్, అంటే పాత్ర శక్తులు రాసుండే కాగితం, చూస్తే మంత్రగాడు విజార్డ్‌కి ఐదో లెవెల్ స్పెల్స్ దాకా ఉంటాయి, పూజారి లాంటి క్లెరిక్ చచ్చిన మనిషిని లేపగలడు, యోధుడు ఫైటర్ ఒక్క టర్న్‌లో రెండుసార్లు కొడతాడు, ఇవన్నీ వాళ్ళకీ తెలియవు, నీకూ నోటికి రావు. ప్రతి రెండు నిమిషాలకీ ఆట ఆపి పుస్తకం తిరగేస్తావు. పదకొండేళ్ళ పిల్ల పది నిమిషాల్లో ఫోన్ తీస్తుంది, అది దాని తప్పు కాదు. ఆ నది కథ అంత అందమైన కథ కదా, అలా చిల్లరగా పోకూడదు అది. దాచుకో. ఒక ఏడాది నడిపాక దాన్ని తియ్యి.

తమ్ముడు: లెవెల్ తగ్గించి ఆడిస్తే?

అక్క: చెయ్యొచ్చు, కానీ ప్రతి రాక్షసినీ ప్రతి ప్రమాదాన్నీ నువ్వే తూచి మళ్ళీ రాసుకోవాలి, ఆ తూకం నాలుగైదు సార్లు నడిపితే గానీ చేతికి రాదు. నా మొదటి గేమ్ సంగతి నీకు తెలుసో లేదో, ఏడాది పాటు సాగే పెద్ద కాంపెయిన్ పట్టుకున్నా, రెండు నెలలు నోట్స్ రాశా, రాజ్యాలు, వంశవృక్షాలు, మ్యాపులు. మూడు సిట్టింగులు నడిచింది. నాలుగోసారికి ఇద్దరు రాలేదు, ఐదోసారి ఎవరూ అడగలేదు. అప్పుడు చాలా బాధపడ్డా, నాకు కథ చెప్పడం రాదు కాబోలు అనుకుని ఏడాది మళ్ళీ ఆ డైస్ ముట్టుకోలేదు. తర్వాత ఎప్పటికో అర్థమైంది, కథ పెద్దదైపోయింది, అంతే. అదే ఇంకొకళ్ళకి కాకూడదనే ఈ పాడ్‌కాస్ట్ పెట్టింది.

తమ్ముడు: ఇది నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు.

అక్క: ఇప్పుడు చెప్పా కదా. సరే ఇక నేను చెప్పేది, అదే పుస్తకంలో మొదటి కథ, సాల్టెడ్ లెగసీ. లెవెల్ 1. రాసింది సురేనా మరీ. సియాబ్‌సుంకో అని థాయ్‌లాండ్ ఛాయలున్న దేశం, అక్కడ డిన్ సింగ్ అనే నైట్ మార్కెట్. రెండు కుటుంబాలు, రెండు కొట్లు, ఒకప్పుడు బాగా ఉన్నవాళ్ళే, ఇప్పుడు మాటల్లేవు. కొట్లల్లో ఏదో జరుగుతుంటుంది, నువ్వే చేయించావు అంటే నువ్వే చేయించావు అని. మన ప్లేయర్లు వెళ్ళి ఆరా తీయాలి, కానీ కొత్త మొహాలకి మార్కెట్‌వాళ్ళు ఊరికే నోరు విప్పరు, అక్కడి ఆటల్లో పోటీల్లో దిగి, నలుగురి దగ్గర మంచి అనిపించుకుంటే గానీ. అసలు చేసిందెవరో చెప్పను.

తమ్ముడు: అంటే కత్తులూ యుద్ధాలూ లేవా?

అక్క: కొంచెం ఉంటాయి. కానీ కథ నడిచేది మాటలతో. కొత్త గేమ్ మాస్టర్‌కి ఇది ఎందుకు మంచిదో చెప్తా విను. లెవెల్ 1లో విజార్డ్‌కి ఉండేవి ఆరో ఎనిమిదో హిట్ పాయింట్లు, అంటే దెబ్బలు ఓర్చుకునే ప్రాణం, గోబ్లిన్ అనే ఒక చిన్న రాక్షసి దెబ్బ గట్టిగా పడి, అదీ డైస్ మీద 20 పడి డబుల్ అయిందంటే మనిషి కింద పడిపోతాడు. మొదటిసారి ఆడే పిల్ల పావుగంటలో అలా పడిపోతే మళ్ళీ రాదు. ఇక్కడేమో ఒక పోటీలో ఓడిపోతే పరువు కాస్త పోతుంది, అందరూ నవ్వుతారు, ఇంకో కొట్టుకి వెళ్తారు. ఓడినా కథ ఆగదు. ఒకటే రూల్ పదిసార్లు వాడతారు, 20 ముఖాల డైస్ వేసి మీ బలం కలుపుకోండి, తేలికైన పనికి కనీసం 10 రావాలి, మామూలు పనికి 15, కష్టమైనదానికి 20. మూడో ఆట అయ్యేసరికి నువ్వు చెప్పకుండా వాళ్ళే డైస్ అందుకుంటారు చూడు.

తమ్ముడు: ఇంకోటి కూడా ఉందనుకుంటా అక్కా, చోటు మొత్తం ఒక్క మార్కెట్టే. పారిపోయినా మార్కెట్‌లోనే ఉంటారు.

అక్క: అదీ! పెద్ద రాజ్యం ఇస్తే కొత్తవాళ్ళు గేటు దాటి నువ్వు రాసుకోని ఊరికి పోతారు, నీకు చెమటలు. ఇక్కడ ఏ సందులోకి తిరిగినా ఇంకో కొట్టే కదా. ఇంకా మనకి సంత తెలుసు. బోణీ కాకముందు అప్పడిగితే ఆ మొహం ఎలా మారుతుందో తెలుసు, పక్క బండికి గిరాకీ ఎక్కువైతే ఈ బండాయన చూపు ఎలా ఉంటుందో తెలుసు. నుమాయిష్‌లో రాత్రి తొమ్మిదికి ఆ లైట్లు, ఆ దుమ్ము, తప్పిపోయిన పిల్లాడి గురించి మైకులో అనౌన్స్‌మెంట్, అదంతా నీ ఒంట్లో ఉంది. ఆ జ్ఞాపకం వాడుకో.

తమ్ముడు: అయితే మిర్చి బజ్జీ బండి పెట్టేయొచ్చా?

అక్క: వద్దు రా. జ్ఞాపకం మనది, సంత మాత్రం వాళ్ళదే. మన ఊరిని దాంట్లో దించేస్తే మళ్ళీ ఆ 1985 పుస్తకం చేసిన పనే మనమూ చేసినట్టు. కాస్త చదువుకో, ఎక్కువ అక్కర్లేదు. థాయ్ వాళ్ళు రెండు చేతులూ జోడించి "వై" పెడతారు, ఎదుటివాళ్ళ పెద్దరికాన్ని బట్టి చేతులు ఎంత పైకెత్తాలో మారుతుంది, ఒక్క ఆ కదలికతో మార్కెట్‌లో ఒక ముసలావిడ ఎంత పెద్దమనిషో చూపించేయొచ్చు నువ్వు. సోమ్ తమ్ అని పచ్చి బొప్పాయి కోరు రోట్లో వేసి దంచుతారు, ఆ రోకలి చప్పుడు మార్కెట్ అంతా వినిపిస్తుందని చెప్పు, చేపల ఉప్పునీళ్ళ సాసు వాసన చెప్పు, నిమ్మగడ్డి చెప్పు. మూడు చాలు. ఇంకా గొంతు మార్చి యాస వెక్కిరించినట్టు మాట్లాడొద్దు ఎప్పుడూ, మనిషికో అలవాటు ఇవ్వు, ఒకాయన లెక్క రెండుసార్లు చూసుకుంటాడు, ఒకావిడ బేరమాడేవాళ్ళకి ముందు తినడానికి పెడుతుంది, అంతే, నువ్వు మామూలు తెలుగులోనే మాట్లాడు.

తమ్ముడు: మరి ఆ సమురాయ్ బాక్స్ సంగతి? లెజెండ్ ఆఫ్ ద ఫైవ్ రింగ్స్ బిగినర్ గేమ్. చేతికిచ్చి ఆడించెయ్యొచ్చు అంటారు కదా.

అక్క: నిజమే, కొత్తవాళ్ళ కోసం కట్టిన బాక్సుల్లో అది బాగా చేసింది. టోపాజ్ ఛాంపియన్‌షిప్ అని, కుర్ర సమురాయ్‌లు పెద్దవాళ్ళయ్యే పరీక్ష, ఒక్కో పోటీ ఒక్కో రూల్ నేర్పుతుంది, క్యారెక్టర్లు కూడా ముందే రెడీగా ఉంటాయి. దాని డైస్ వేరు, నల్లవి ఆరు ముఖాలవి, తెల్లవి పన్నెండు ముఖాలవి, అంకెల బదులు గుర్తులు. వేసినవన్నీ ఉంచుకోలేవు, గెలుపు ఇచ్చే డైస్ మీదే ఒక్కోసారి మనసు కలత గుర్తు కూడా ఉంటుంది, గెలవాలా నిబ్బరంగా ఉండాలా అన్నది నీ చేతిలోనే. నాకు ఆ ఆలోచన అంటే ప్రాణం. కానీ ఆ ఆట జరిగే ప్రపంచం రోకుగాన్‌లో ఎవరి ముందు ఏం మాట్లాడకూడదో తెలియాలి, లార్డ్ ముందు ఒక్క మాట జారితే పెద్ద గొడవ. ఆ ప్రపంచం తెలియని ముగ్గురికి అదంతా నువ్వే విడమరచాలి. నలుగురు పెద్దవాళ్ళు, సమురాయ్ సినిమాలు చూసే బ్యాచ్ అయితే ముందు ఇదే ఇస్తా. మీ బ్యాచ్‌కి కాదు.

తమ్ముడు: చిన్నదాని కోసం ఇంకేమైనా ఉందా?

అక్క: ఒకవేళ అందరూ పిల్లలే అయ్యుంటే గోల్డెన్ స్కై స్టోరీస్ ఆడించమనేదాన్ని. జపాన్‌లో 2006లో వచ్చింది, రాసింది రియో కామియా. దాన్లో డైస్ లేవు, కొట్లాటలు లేవు, నక్కలు, పిల్లులు, కుందేళ్ళు మనిషి రూపం ఎత్తి పల్లెటూళ్ళో వాళ్ళకీ వీళ్ళకీ చిన్న చిన్న సాయాలు చేస్తాయి. ఒక సాయంత్రానికి ఒక కథ. కానీ నీ బ్యాచ్‌లో ఇద్దరు డైస్ వెయ్యాలని ఎదురుచూస్తున్నారు కదా, వాళ్ళ సరదా పోతుంది. పిల్లలున్న తల్లిదండ్రులు వింటుంటే మాత్రం ముందు అది చూడండి, నిజంగా చెప్తున్నా.

తమ్ముడు: పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆటలో సీజన్ ఆఫ్ ఘోస్ట్స్ కూడా లెవెల్ 1 నుంచేగా?

అక్క: నాలుగు పుస్తకాలు, లెవెల్ 12 దాకా. బ్రహ్మాండంగా ఉంటుంది. నెలనెలా కలిసేవాళ్ళకి అది. భోగికి మొదలెట్టి కనుమకి అవ్వదు.

తమ్ముడు: సరే, మార్కెట్టే. ఏం రాసుకోవాలి?

అక్క: తక్కువ. అడ్వెంచర్ రెండుసార్లు చదువు, ఒకసారి కథలాగా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. రాసింది 2014 నాటి ఫిఫ్త్ ఎడిషన్ రూల్స్‌కి, 2024లో వచ్చిన కొత్త రూల్స్‌తోనూ నడుస్తుంది, బేసిక్ రూల్స్ ఫ్రీగానే దొరుకుతాయి. మార్కెట్‌లో ప్రతి మనిషికీ ఒక చిన్న కాగితం, పేరు, అలవాటు, వాళ్ళకి ఏం కావాలి. ఏం కావాలో తెలిస్తే ప్లేయర్ ఏ పిచ్చి ప్రశ్న అడిగినా నీకు జవాబు వస్తుంది. క్యారెక్టర్లు నువ్వే చేసి పట్టుకెళ్ళు, ఆరు చెయ్యి, ఐదుగురూ ఏరుకుంటారు. మొదలెట్టే ముందు పది నిమిషాలు అందర్నీ అడుగు, దేనికి భయం, ఏం వద్దు అని, చిన్నదాన్ని ముందు అడుగు, పెద్దవాళ్ళు మాట్లాడాక అది చెప్పదు.

తమ్ముడు: నా భయం ఒక్కటే అక్కా, అందరూ నా మొహం చూస్తుంటే నోరు రాదేమోనని.

అక్క: తాతయ్య వాళ్ళ ఊళ్ళో బుర్రకథ చూశావుగా. కథకుడు ఒక్కడే చెప్తాడా? పక్కన ఇద్దరు వంతలు అడ్డం తగులుతారు, ఆపుతారు, అడుగుతారు, ఆ అడగడంతోనే కథ కదులుతుంది. నీకు ఐదుగురు వంతలున్నారు, పైగా వీళ్ళు కథనే మలుపు తిప్పుతారు. నువ్వు చెయ్యాల్సింది చోటు చూపించి అడగడం, అంతే. ఇప్పుడే చెయ్యి చూద్దాం. నేను ప్లేయర్‌ని.

తమ్ముడు: ఇప్పుడా? సరే... వాన ఇప్పుడే వెలిసింది. కొట్ల మీద కట్టిన పట్టాల అంచుల నుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి, కింద బురదలో దీపాల వెలుగు. ఎక్కడో రోకలి దంచుతున్న చప్పుడు, ఠక్ ఠక్ అని. అది ఆగింది. నీ ఎదురుగా ఒక ముసలావిడ చేతులు జోడించి, పక్క కొట్టు వైపు చూడకుండా, నీతో అంటోంది, "ఈ రాత్రి కూడా పోయింది బాబూ, మూత తీసేసరికి లేదు." పక్క కొట్టాయన విన్నాడు. చేతిలో గరిటె కింద పెట్టాడు. నువ్వేం చేస్తావ్?

అక్క: పక్క కొట్టాయన దగ్గరికి వెళ్తా. ముందు ఏదైనా కొంటా.