లైబ్రరీ ప్లాన్‌లో ముందు గుమ్మం చూడండి

(తెరపై: లైబ్రరీ ప్లాన్. గుమ్మం చుట్టూ ఎర్ర గీత.)

1904లోనే రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసిన ఊరు హన్మకొండ. ఆ ఊళ్లో ఇవాళ ఒక యూనివర్సిటీ కొత్త లైబ్రరీ కడుతోందనుకుందాం. ప్లాన్ చేతికి రాగానే చాలామంది ఎన్ని పుస్తకాలు పడతాయని లెక్కేస్తారు. నేనైతే ముందు గుమ్మం చూస్తాను.

మూడు మెట్లు, ఒక్కోటి 15 సెంటీమీటర్లు. మొత్తం 45 సెంటీమీటర్ల ఎత్తు. ర్యాంప్ వాలు 1:12 దాటకూడదు, అంటే ఒక మీటరు ఎత్తుకు పన్నెండు మీటర్ల పొడవు. కాబట్టి ఇక్కడ కనీసం 5.4 మీటర్ల పొడవు కావాలి. జాగా లేదని రెండు మీటర్లతో సరిపెడితే వీల్‌ఛైర్ మీద వచ్చినవాళ్లు ఎవరో నెడితే తప్ప ఎక్కలేరు. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో దివ్యాంగులకు కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. సీటిచ్చి, పుస్తకం కావాల్సిన ప్రతిసారీ ఇంకొకరిని బతిమాలుకునేలా చేయడం అన్యాయం.

మరి ఎత్తే లేకుండా కట్టేద్దామా? 2023 జులై వానలకు వరంగల్‌లో కాలనీలు మునగడం చూశాం. ఎత్తు ఉండాల్సిందే. అందుకే ముందున్న ఆవరణలో మట్టి పోసి 1:20 వాలుతో దారి వేయాలి. తొమ్మిది మీటర్ల నడక. అందరూ అదే దారిన వస్తారు, వాన నీళ్లూ గుమ్మానికి దూరంగా జారి ఇంకుడు గుంతలోకి పోతాయి.

(తెరపై: భవనం మీద సూర్యుడి దారి.)

ఇక మన ఎండలు. పడమటి గోడకు మెట్లు, స్టోర్ రూమ్, టాయిలెట్లు పెట్టండి, వేడిని అవే ఆపుతాయి. చదివే హాలు నేరుగా ఎండ తక్కువ పడే ఉత్తరానికి ఉండాలి. కానీ వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మధ్య నుంచి జులై చివరిదాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికే ఒరుగుతాడు. కాబట్టి ఉత్తరపు కిటికీలకూ సజ్జలు, పక్కల నిలువు పలకలు తప్పవు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

(తెరపై: కంప్యూటర్, హెడ్‌ఫోన్స్.)

చూపు లేని విద్యార్థుల కోసం ఎన్‌వీడీఏ లాంటి ఉచిత స్క్రీన్ రీడర్, అంటే తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, వేస్తే సరిపోదు. మన తెలుగు పాఠాలు ఎన్నో స్కాన్ చేసిన ఫొటోలే. అందులో అక్షరం ఉందని కంప్యూటర్‌కు తెలియదు. పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నవైతే అర్థంకాని గోల వినిపిస్తుంది. వాటిని ఏ కంప్యూటరైనా అక్షరాలుగా గుర్తించే యూనికోడ్‌లోకి మార్చి, ఒకరు చదివి తప్పులు దిద్దాలి. దీనికి మనిషి కావాలి, జీతం కావాలి. బడ్జెట్‌లో ఏసీలకంటే ముందు ఇది రాయండి.

చివరగా, గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యేవాళ్లు. సొంత పుస్తకాలు తెచ్చుకుని రాత్రిదాకా చదువుతారు. వాళ్లకు విడిగా గేటున్న హాలు ఇస్తే మిగతా భవనమంతా కరెంటు ఆపేయొచ్చు. ఆ గేటు నుంచి అమ్మాయిల హాస్టల్ దాకా దారి పొడవునా దీపాలు ఉండాలి, వాటినీ ఈ ప్లాన్‌లోనే గీయించండి.