చేప కోసే చాకు

శ్రోతలకు నమస్కారం.

మిరుగం, అదే మృగశిర కార్తె, వచ్చిందంటే మన ఓరుగల్లు చేపల మార్కెట్లో కాలు పెట్టే సందు ఉండదు. అక్కడ కొన్న చేపను అక్కడే కోసి ఇస్తారు. పాకాల చెరువుకో, ధర్మసాగర్‌కో గాలం పట్టుకుని పోయేవాళ్లకు మాత్రం ఎర కోసుకోవడం, చేప కోసుకోవడం రెండూ సొంత పనే. ఆ రెంటికీ ఒకే చాకు చాలదని చెప్పడానికే ఈ మాటలు.

ఎర్రలైతే, అంటే వానపాములైతే, గోటితోనే తుంచుకోవచ్చు. కొర్రమట్టకో, వాలుగకో కోడి పేగులు, చిన్న చేప ముక్కలు వేసేటప్పుడే చాకు కావాలి. పేగు జారుతుంది, సాగుతుంది. మొద్దు చాకు కింద నలుగుతుంది గానీ తెగదు, నలిగిన ఎర గాలానికి నిలవదు. దీనికి మూడు నాలుగు అంగుళాల అలుగు, అంటే కోసే రేకు, చాలు. వీపు మందంగా ఉండాలి, వంగకూడదు.

అలుగు కంటే ముందు పిడి చూడండి. మెరుగు పెట్టిన నున్నని పిడి కొట్లో అందంగా కనిపిస్తుంది. చేప జిగురు అంటిందంటే అదే చేతిలోంచి జారిపోతుంది. నా ఎడమ అరచేతిలో ఇప్పటికీ ఉన్న గీత అలాంటి పిడి వల్ల పడిందే. చెయ్యి తడిపి పట్టుకుని చూశాకే కొనండి. పిడికీ అలుగుకూ మధ్య చెయ్యి ముందుకు జారకుండా ఒక అడ్డు ఉంటే ఇంకా మంచిది.

ఇక ముల్లు తీసి కండ విడదీసే చాకు. అది ఆరేడు అంగుళాల పొడవుతో, సన్నగా, కాస్త వంగేలా ఉండాలి. కొన చెక్క మీద ఆనించి మెల్లగా నొక్కితే విల్లులా వంగాలి, వదలగానే తిన్నగా రావాలి. ఆ వంపే అలుగును వెన్నెముక వెంబడి నడిపిస్తుంది. మొప్ప వెనక ముల్లు తగిలేదాకా కోసి, అలుగును తోక వైపు తిప్పి, ముల్లు మీదే జరుపుతూ పోవాలి.

అయితే అది కొనేముందు మీ ఇంట్లో ఏ చేప తింటారో ఆలోచించండి. మన రాష్ట్ర చేప కొర్రమట్టకు కండలో సన్న ముళ్లు తక్కువ, ఈ చాకు దానికి సరిగ్గా సరిపోతుంది. రవ్వ, బొచ్చెలకు కండలోనే చీలిన సన్న ముళ్లుంటాయి. ఎంత బాగా కోసినా అవి కండతోనే వస్తాయి. వాటిని అడ్డంగా ముక్కలు కొట్టడానికి కత్తిపీటే మేలు. సన్న చాకుతో తలకాయ కొడితే అంచు పెచ్చులూడుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు చాకు అంత తొందరగా తుప్పు పట్టదు. కమ్మరి లారీ కమాను పట్టీతో చేసిచ్చే చాకుకు పదును బాగా నిలుస్తుంది, తడి మాత్రం పనికిరాదు. ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు పారశీక దేశం దాకా పోయింది. అలాంటి నేల మనది, అందుకే నా ఓటు కమ్మరి చాకుకే. కోయగానే కడిగి, తుడిచి, చుక్క కొబ్బరినూనె రాయండి. సానరాయి మీద నీళ్లు చల్లి, అలుగును కొద్దిగానే ఎత్తి, రెండు వైపులా సమానంగా నూరండి. ఒక కాగితం పట్టుకుని కోసి చూడండి. చిరగకుండా తెగితే ఇక చేప మీద పెట్టవచ్చు.

నమస్కారం.