చేతులు ఎక్కించడానికి ఈ మిషన్ ఎలా ఉంది? | కుట్టు మిషన్ రివ్యూ

అందరికీ నమస్తే! ఈ మిషన్ కంపెనీ వాళ్ళే ఉచితంగా పంపారు. డబ్బులు తీసుకోలేదు, ఇలా చెప్పండని వాళ్ళూ అడగలేదు. ఎన్ని రకాల కుట్లు, మోటార్ ఎంత, అవన్నీ మీరు ఈపాటికి చూసేసే ఉంటారు. నేను చూసింది ఒక్కటే, చేతులు ఎలా ఎక్కుతున్నాయని.

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తీసుకున్న కాటన్ ఇది, నాకే కుర్తా. జాకెట్టుకైతే మన టైలర్లు పక్కలు కలపకముందే చేతులు అతికేసి, తర్వాత చేతి చివర్నుంచి నడుము దాకా ఒకే కుట్టు లాగేస్తారు. తేలికే. కానీ కుర్తాకి నేను పక్కలు కలిపాకే గుండ్రంగా ఎక్కిస్తాను, చంక కింద సాఫీగా కూర్చుంటుంది.

చంక చుట్టూ 17½ అంగుళాలు, చేతి పైగుండ్రం 18. ఆ అరంగుళం ముడత పడకుండా సర్దాలి. ఉన్ని అయితే ఆవిరికి దగ్గరపడుతుంది, బిగువు నేత కాటన్ అంత తొందరగా లొంగదు. అందుకే 4 మిల్లీమీటర్ల పెద్ద కుట్టు రెండు వరసలు వేసి, బాబిన్ దారం, అంటే కింది దారం, మెల్లగా లాగుతాను. చేతి మధ్య గుర్తు భుజం కుట్టుకి కలవాలి. లోతు ఎక్కువున్న వైపు ముందుకి రావాలి, ఎడమా కుడీ మారాయో చెయ్యి మెలితిరుగుతుంది!

ఇప్పుడు నాకు నచ్చింది చూడండి, ఈ బటన్. ఎప్పుడు ఆపినా సూది గుడ్డలోనే దిగి ఆగుతుంది. గుడ్డని నొక్కి పట్టే మిషన్ పాదం ఎత్తి, గుడ్డ తిప్పి, ముడతని వేలితో సర్ది మళ్ళీ కుట్టడమే. అంగుళానికోసారి ఆగాను, ఎక్కడా జరగలేదు. మా అమ్మమ్మ కాలు మిషన్ మీద ఆగిన ప్రతిసారీ చక్రం చేత్తో తిప్పి సూది దించేది. నా పాత మిషన్‌లో సూది ఎక్కడ ఆగుతుందో తెలీదు, పోయిన దసరాకి అక్క కూతురి ఫ్రాకుకి ఒకే చెయ్యి మూడుసార్లు విప్పాను.

చెయ్యి గుడ్డని అమ్మమ్మ కింద పెట్టేది, గుడ్డని జరిపే మిషన్ పళ్ళు కింది గుడ్డని కాస్త ఎక్కువ లాక్కుంటాయని. నేను ముడతలు కనబడాలని పైన పెడతాను. అక్కడే నాకు కోపమొచ్చింది. పాదం ఒత్తిడి తగ్గించే స్క్రూ ఇందులో లేదు, పై గుడ్డని ముందుకి తోసేస్తోంది. ఈ ధరకి అది ఉండి తీరాలి! కచ్చా కుట్టు వేసుకున్నాకే కుదిరింది.

అయినా నా పాత మిషన్ అమ్మేస్తున్నాను. ఆ బటన్ కోసమే. ఇదిగో, కుడి చెయ్యి ఎక్కింది. ఎడమది మీ ముందే కుడతాను, భుజం దగ్గర చూడండి.