ఆస్పత్రి గోడ మీద సవర బొమ్మలు: మేలు ఎవరికి? (పర్లాకిమిడి స్టూడియో చర్చ)

యాంకర్: నమస్కారం. ఇక్కడి ఒక ఆస్పత్రి గోడకి సవర గిరిజనుల బొమ్మలు వేయించారు. రోగుల మనసు తేలికపడుతుందని కొందరు, అది తప్పని సవర కుర్రాళ్లు. ఇంతలో సమాజ క్షేమం కోసం చిత్రకళ కోర్సు పెట్టాలన్న మాట కూడా వచ్చింది. మాస్టారూ, అది చదివితే ఉద్యోగం వస్తుందా?

డ్రాయింగ్ మాస్టారు: ఉద్యోగం సంగతి తర్వాత బాబూ. ఆ గోడ చూశారా? రెండు త్రికోణాలు నడుం దగ్గర కలిపి మనిషన్నారు. అది మహారాష్ట్ర గిరిజనుల వార్లీ బొమ్మ! మన సవరల గోడ బొమ్మ ఇడితాల్, దానికి ముందు అంచు గీస్తారు, తర్వాత లోపలికి నింపుకుంటూ వస్తారు. ఎర్రమన్ను అలికిన గోడ, బియ్యప్పిండి నీళ్లు, కొస నలగ్గొట్టిన పుల్ల...

నర్సు: మాస్టారూ, ఒక్క మాట...

మాస్టారు: చెప్పనీయమ్మా. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, ఏ పెద్దల ఆత్మ కోపగించిందో పూజారి చెబుతాడు. ఆ ఆత్మకి గోడ మీద ఇల్లు గీస్తారు. ఇంటిల్లిపాదీ దాని ముందు చేరతారు. రోగి ఒంటరివాడు కాడు. మేలంతా అందులో ఉంది, ఎనామిల్ పెయింట్‌లో లేదు!

నర్సు: ఒప్పుకుంటాను. కానీ ఆ బొమ్మనే నమ్ముకుని మలేరియా పిల్లని ఆస్పత్రికి ఆలస్యంగా తెస్తే? 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 3,000కి పైగా అధ్యయనాలు చూసి, కళలు ఆరోగ్యానికి తోడ్పడతాయంది. మందు మానమనలేదు.

మాస్టారు: నేనన్నానా? మానమని ఎప్పుడన్నాను?

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

నర్సు: మా వార్డులో కాలు విరిగిన పిల్లాడు నోరే విప్పలేదు. పెన్సిల్ ఇస్తే లారీ గీశాడు, దాని కింద తన సైకిల్ గీశాడు. అప్పుడు ఏడ్చాడు. ఏం జరిగిందో వాళ్లమ్మకి అప్పుడే...

యాంకర్: అలా గీయించడానికి పోస్టులుంటాయా?

సవర విద్యార్థిని: అన్నా, నేనొకటి అడగాలి. కోర్సులో పాఠం చెప్పేదెవరు? మా అవ్వకి డిగ్రీ లేదు. ఆ గోడ కోసం కూడా మా ఊళ్లో ఎవరినీ పిలవలేదు.

మాస్టారు: అదే నేననేది! గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే ఉండి సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆయన వ్యాకరణం 1931లో అచ్చయింది. నేర్చుకోవడమంటే అదీ! తర్వాత 1936లో ఊరిని ఒడిశాలో కలిపితే, ఆ బాధతోనే రాజమండ్రి వెళ్లిపోయారు.

యాంకర్: అవును, అప్పుడు కలపకుండా ఉంటే మన తెలుగు బళ్లు...

నర్సు: బాబూ, రోగుల దగ్గరికి రండి. బొమ్మ గీయించేవాళ్లకి శిక్షణ కావాలి. పిల్లాడు ఏడిస్తే ఏం చేయాలో తెలియాలి కదా!

మాస్టారు: శిక్షణ ఊళ్లోనే! ముందు ఆ గోడకి సున్నం కొట్టించండి. మళ్లీ చెబుతున్నా, అది వార్లీ!

యాంకర్: మాస్టారన్నట్టు ముందు గోడ సంగతి తేలాలి. కోర్సు, ఉద్యోగాల గురించి వచ్చే వారం...

విద్యార్థిని: అన్నా, పాఠం ఎవరు చెబుతారని అడిగాను.

యాంకర్: టైమైపోయిందమ్మా. మాస్టారూ, ఆఖరి మాట?

మాస్టారు: వార్లీ వేరు, ఇడితాల్ వేరు...