సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే

శ్రోతలకు నమస్కారం.

పొద్దున్నే తాళం తిప్పగానే కారు చటుక్కున అందుకోకుండా "గుర్ర్... గుర్ర్..." అని మూలుగుతుంది చూడండి, ఈ రోజు నా మాటలు ఆ మూలుగు గురించే. సెల్ఫ్, అంటే ఇంజిన్‌ను మొదట తిప్పి అందించే మోటారు, అసలు తిరగదని కాదు. తిరుగుతుంది, కానీ నీరసంగా తిరుగుతుంది.

అలా మూలిగితే ఎవరైనా చెప్పేది ఒకటే: బ్యాటరీ మార్చెయ్. చాలాసార్లు అది నిజమే. మన ఎండలకు బ్యాటరీలు త్వరగానే దెబ్బతింటాయి. కానీ గుంటూరులో మా బావగారి కారు సంగతి వినండి.

ఆయనది పాత పెట్రోల్ కారు. సెల్ఫ్ నీరసించింది. కొత్త బ్యాటరీ వేయించారు. మూలుగు పోలేదు. సెల్ఫ్ మోటారే మార్చాలి అన్నారొకరు. వైరింగ్ చూడమని నేనంటే, "లైట్లు ధగధగా వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, ఇక వైర్లకేం రోగం?" అన్నారాయన.

చివరికి ఒక ముసలి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాం. ఆయన ఏదీ విప్పలేదు. వోల్టులు కొలిచే మల్టీమీటరు తీసి, ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మొన మీద, రెండోది ఇంజిన్ మీద రంగు లేని లోహం చూసి ఆనించి, "ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి" అన్నారు. మీటరు ఒకటిన్నర వోల్టు చూపించింది, అంటే ఆ దారిలోనే అంత పోతోందన్నమాట. ఉండాల్సింది 0.2 వోల్టు, మహా అయితే 0.3.

బండి కిందికి దూరి చూస్తే, గేర్‌బాక్స్‌కి ఎర్త్ వైరు (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే వైరు) బిగించిన బోల్టు చుట్టూ తుప్పు. విప్పి, ఎమరీ పేపర్‌తో రుద్ది, గట్టిగా బిగించారు. అంతే, సెల్ఫ్ గిర్రున తిరిగింది! ఆయన అడిగిన డబ్బు టిఫిన్ ఖర్చంత కూడా లేదు. బావగారు మాత్రం కొత్త బ్యాటరీ బిల్లు తలుచుకుని ఇప్పటికీ గొణుగుతుంటారు.

మరి లైట్లు ఎలా వెలిగాయి? ఒక్కో హెడ్‌లైటుకి కావలసింది ఐదు ఆంపియర్ల కరెంటు. సెల్ఫ్‌కి నూరు, నూటయాభై. తుప్పు పట్టిన ఆ అతుకులో కరెంటును అడ్డుకునే నిరోధం ఓములో నూరో వంతే. ఐదు ఆంపియర్లకు అది లెక్కలోకే రాదు. నూటయాభై ఆంపియర్లు వెళ్లేసరికి ఒకటిన్నర వోల్టు అక్కడే మింగేస్తుంది. అందుకే మళ్లీ చెబుతున్నా, లైట్లు వెలిగాయి కదా అని వైర్లను నమ్మకండి. హారన్ మోగింది కదా అని అసలే నమ్మకండి.

మీరూ చూసుకోవచ్చు. కొన్ని వందల రూపాయలు పెడితే మల్టీమీటరు దొరుకుతుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంట్లోవాళ్లెవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. పది సెకన్లకు మించి కొట్టవద్దు. మీ చేతులు, చీర కొంగు, చున్నీ లాంటివి ఫ్యాను బెల్టుకు దూరంగా ఉంచండి. ముందు ఆ ఎలక్ట్రీషియన్ పెట్టినట్టే ముల్లులు పెట్టి ఎర్త్ వైపు చూడండి. అక్కడ 0.3 వోల్టు దాటకపోతే, అప్పుడు మీటరు బ్యాటరీ రెండు మొనల మీద పెట్టండి. సెల్ఫ్ తిరుగుతుండగా 9.6 వోల్టుల కన్నా కిందికి పడిపోతే, అప్పుడు బ్యాటరీని అనుమానించండి. ముందు దాన్ని పూర్తిగా ఛార్జి చేయించి మళ్లీ చూడండి. అప్పటికీ పడిపోతుంటే, కొత్తది కొనే ముందు సెల్ఫ్ మోటారు ఎక్కువ కరెంటు లాగుతోందేమో కూడా చూపించండి.

ఇంకొక్క మాట. టెర్మినళ్లు విప్పేటప్పుడు నెగటివ్ ముందు తీయండి, బిగించేటప్పుడు దాన్ని ఆఖరున బిగించండి. నమస్కారం.